మొదటి సంచి మానుపసుపు

పాలంపూర్,
14 జూలై 2024

అత్తా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు. ఇక్కడ హిమాచల్‌లో వాన మొదలైతే హాస్టల్ నుంచి మా ల్యాబుకి వెళ్లే దారి కాలవైపోతుంది. బట్టలు ఆరవు, పుస్తకాలకి బూజు పడుతుంది. డిగ్రీ చదివేటప్పుడు బళేపేటలో నీ మేడ మీద, గాజుల పెట్టెల మధ్య చాప వేసుకుని పడుకునేదాన్ని కదా. ఆ వెచ్చదనం ఇప్పుడు కావాలనిపిస్తోంది.

అసలు సంగతికి వస్తాను. మునినారాయణప్ప గారి మూలికల అంగడిలో కొని పంపావే మానుపసుపు, ఆ సంచిలోని చెక్కముక్కలన్నీ పొడి చేసి సారం తీశాను. పుండ్లకీ కళ్లకీ మనవాళ్లు ఎంతో కాలంగా వాడుతున్న అడవితీగ చెక్క. అందులో క్రిముల్ని చంపే గుణం నిజంగా ఉందా, ఉంటే ఏ పదార్థం వల్ల అనేది తేల్చడమే నా పీహెచ్‌డీ. రోగుల పుండ్ల నుంచి తీసిన క్రిములు మా దగ్గర ఉంటాయి. ఆస్పత్రి మందులకి లొంగని మొండి రకాలు. గాజు పళ్లెంలో గంజిలా గట్టిపడే మేత పోసి వాటిని పెంచుతాం. పళ్లెమంతా పాలమీగడలా పరుచుకుంటాయి. మధ్యలో నీ చెక్క సారం ఒక చుక్క వేసి వదిలేశాను.

మర్నాడు చూద్దును కదా, చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ! నీ అంగడిలో చంటిపిల్లల గాజు ఎంతుంటుందో అంత. అక్కడ ఒక్క క్రిమి లేదు. చచ్చిపోయాయి అత్తా! ఏ మందుకీ చావనివి నీ చెక్కకి చచ్చిపోయాయి.

మా మేడమ్ ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. పళ్లెం వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "మళ్లీ చెయ్యి" అని వెళ్లిపోయింది. ఆమె దగ్గర అది పెద్ద మాటే. మళ్లీ చేశాను, మళ్లీ అలాగే వచ్చింది. కానీ సంచి అయిపోయింది. ఇంకో కిలో పంపించు.

నాన్న యలహంక నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "మీ అత్తకి వాట్సాప్ నేర్పించు" అంటాడు. ఫోనులో అక్షరాలు గుచ్చుతుంటే మాటలు మర్చిపోతానని నువ్వు అన్నది నిజమే. నాకూ కాగితం మీదే నీతో మాట్లాడినట్టుంటుంది. చెవి మిషను పెట్టుకుంటున్నావా, డబ్బాలో పెట్టి మూత వేశావా?

నీ
హర్షిత


బళేపేట, బెంగళూరు,
27 జూలై 2024

నా బంగారు హర్షితకు అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అంగడిలో కూర్చుని అందరికీ చదివి వినిపించాను. నా గొంతు ఎంత పెద్దగా లేస్తుందో నాకు తెలియదు కదా, వీధి చివరిదాకా వినబడిందని పక్కంగడి సమీనా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. వినబడితే వినబడనీ. మా తమ్ముడు నాగరాజు కూతురు మందు కనిపెట్టిందంటే దాచుకోవడం దేనికి?

శ్రావణం వస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి ఆకుపచ్చ గాజుల పెట్టెలు దిగాయి. నాలుగు రోజులుగా నిలబడే పని. కొనేవాళ్ల పెదాలు చూసి సైజు తెలుసుకుంటాను. తెలియకపోతే వాళ్ల చెయ్యి పట్టుకుని నొక్కి చూస్తాను, ఇంతవరకు తప్పు పోలేదు. మిషను పెట్టుకుంటే ఆటోలూ తోపుడుబండ్లూ అన్నీ కలిసి ఒకే హోరు. అందుకే డబ్బాలో ఉంది. కోప్పడకు.

నీకు నచ్చే మాట ఒకటి చెప్తాను. సమీనా మొగుడు ఫయాజ్‌కి షుగరు అని నీకు తెలుసు. ఎండాకాలంలో కొత్త చెప్పు కరిచి కాలి చిటికెన వేలి దగ్గర పుండు పడింది. మానలేదు. ఆస్పత్రిలో ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని రోజూ గొణుగుతుండేవాడు. నీ ఉత్తరం విని లేచి నిలబడ్డాడు. "ఏమక్కా, మందు మన వీధిలోనే పెట్టుకొని నేను యాడాడో తిరుగుతుండాను" అన్నాడు. ఆ సాయంత్రమే మునినారాయణప్ప దగ్గర చెక్క తెచ్చి, సానరాయి మీద నూరి కట్టు కట్టాడు. బిళ్లలు ఆపేశాడు. మంట చల్లారిందంట. వారమైంది. "హర్షిత బేటీకి నా సలాం రాయక్కా" అన్నాడు, రాశాను.

నీ సంచి ఈ వ్రతం హడావిడి తగ్గగానే పంపుతాను. వానలో తడవకు.

మీ అత్త
సత్యభామ


పాలంపూర్,
3 ఆగస్టు 2024

అత్తా,

నీ ఉత్తరం చదవగానే నాన్నకి ఫోన్ చేసి, ఉన్నపళంగా బళేపేట వెళ్లి ఫయాజ్ గారిని ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. ఇది నీకు చేరేసరికి ఆయన అక్కడ ఉండాలి.

ఎవరు చెప్పమన్నారు అత్తా నీకు? నేను నీకు రాశాను, వీధికి కాదు. గాజు పళ్లెంలో క్రిములు చావడం వేరు, మనిషి కాలు మానడం వేరు. పళ్లెంలో అయితే వేడినీళ్లు పోసినా చస్తాయి, ఉప్పు పోసినా చస్తాయి. షుగరు ఉన్న మనిషి కాలికి రక్తం సరిగా అందదు, నొప్పి తెలియదు. మంట చల్లారిందంటే పుండు మానుతోందని కాదు, లోపల ఏమవుతోందో ఆయనకి తెలియడం లేదని. రాతి మీద నూరిన చెక్కలో ఎంత మట్టి ఉందో, ఇంకేమేం క్రిములున్నాయో! పైగా బిళ్లలు ఆపేశారు! సగంలో ఆపితే మిగిలిన క్రిములు ఇంకా మొండివవుతాయి. ఇది నీకంటే ఎవరికి బాగా తెలియాలి?

దయచేసి నా ఉత్తరాలు ఇక ఎవరికీ చదవకు.

హర్షిత


బళేపేట, బెంగళూరు,
20 ఆగస్టు 2024

హర్షితా,

ఏం జరిగిందో వరసగా రాస్తాను. తర్వాత నా మాట.

నాగరాజు స్కూటరు మీద వచ్చేసరికి ఫయాజ్ అంగడి లోపల బల్ల మీద పడుకుని ఉన్నాడు. ముందురోజు నుంచి జ్వరం, ఎవరికీ చెప్పలేదు. నాగరాజు కట్టు విప్పాడు. వాసనకి నేను గడప దగ్గరే ఆగిపోయాను. పాదం మడమ దాకా ఉబ్బి నల్లగా మెరుస్తోంది. అయినా ఫయాజ్ లేవనన్నాడు. "పండగ గిరాకీ ఉండాది, సోమవారం పోతానప్పా" అంటున్నాడు. సమీనా చేతిలో ఉన్న గాజుల తోరం కింద పెట్టింది. "మీరు లేస్తే ఆటోలో పోతాము. లేవకపోతే నలుగుర్ని పిలిచి మోయిస్తాను. రెండింట్లో ఏది?" అంది. లేచాడు.

ఆస్పత్రిలో అదే రోజు చిటికెన వేలు తీసేశారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే పాదమే పోయేదని డాక్టరమ్మ నాగరాజుతో చెప్పింది. పుండులోని క్రిమిని పరీక్షకి పంపితే, వాడే మందుల్లో చాలావాటికి అది లొంగడం లేదని వచ్చింది. చివరికి సెలైన్లో ఎక్కించే ఒక గట్టి మందు పనిచేసింది. నిన్న ఇంటికి వచ్చాడు. పాదం దక్కింది.

ఇప్పుడు నా మాట. "చచ్చిపోయాయి అత్తా" అని రాసింది నువ్వు. ఏ మందుకీ చావనివి నా చెక్కకి చచ్చాయని రాసింది నువ్వు. గాజు పళ్లెం వేరు, కాలు వేరు అని ఆ ఉత్తరంలో ఎక్కడ రాశావు? ఎవరు చెప్పమన్నారని అడిగావు. సంతోషం కలిగితే ఎవరైనా ఒకర్ని అడిగి చెప్తారా?

ఫయాజ్ ఇంటికి వచ్చాక నేను వెళ్లలేకపోయాను. సమీనాయే వచ్చింది. నా ఎదురుగా కూర్చుని, నాకు పెదాలు తెలిసేట్టు నెమ్మదిగా అంది: "అక్కా, ఆయన బిళ్లలు ఆపేసేకి సాకు వెతుకుతా ఉండె. నీ ఉత్తరం లేకుంటే ఇంకోటి దొరికేది. నువ్వు ఊరికే బేజారు పడొద్దు." అంత మంచి మాట అన్నందుకు నాకు ఇంకా ఏడుపొచ్చింది.

సంచి వేరే పార్సిల్లో పంపాను. మునినారాయణప్ప ఈసారి తానే కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరి ఇచ్చాడు.

సత్యభామ


పాలంపూర్,
15 సెప్టెంబర్ 2024

అత్తా,

ఫయాజ్ గారి పాదం దక్కిందని చదివి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. వేలి సంగతి తలుచుకుంటే మాత్రం ఏమీ చెయ్యబుద్ధి కావడం లేదు. నువ్వు అన్నది నిజం, సంతోషంలో సగమే రాశాను. కోపంలో రాసిన ఉత్తరం ఇంకా పాడు ఉత్తరం. నా మాటలు పట్టించుకోకు. ఉత్తరాలు నీ ఇష్టం వచ్చినవాళ్లకి చదువు, నేను ఇకనుంచి పూర్తిగా రాస్తాను.

పూర్తిగా రాయాలంటే ఇప్పుడు చెడ్డ కబురే ఉంది. మొదటి సంచి సారంలో పనిచేసేది ఏదో తెలుసుకోవడానికి దాన్ని ఒక్కొక్క పదార్థంగా విడదీశాను. నెల రోజుల పని. విడదీసిన ప్రతి దాన్నీ క్రిముల మీద వేసి చూశాను. ఏదీ పనిచెయ్యలేదు. మానుపసుపుకి రంగునిచ్చే పచ్చటి పదార్థం కొద్దిగా క్రిముల్ని కదిలించింది, అంతే. మొత్తంగా ఉన్నప్పుడు అంత బలం, విడదీస్తే ఎక్కడికి పోయిందో తెలియదు. పోనీ మళ్లీ మొదటినుంచీ చేద్దామని నీ రెండో సంచి తెరిచాను. అది మొత్తంగా వేసినా పనిచెయ్యలేదు. పళ్లెం నిండా మీగడే.

మేడమ్ కోప్పడలేదు. అదే భయంగా ఉంది. "మార్చి దాకా చూడు. అప్పటికీ మొదటి ఫలితం మళ్లీ రాకపోతే అది మన పొరపాటు అనుకుని వేరే పని మొదలుపెడదాం" అంది. మూడేళ్ల పని అత్తా ఇది.

ఒక్కటి అడుగుతాను. రెండు సంచులూ ఒకే అంగడిలో కొన్నావా? మొదటి సంచిలో వేరే ఏదైనా కలిసి ఉంటుందా? ఆ సరుకు ఎలాంటిదో గుర్తు చేసుకుని రాయి.

నీ
హర్షిత


బళేపేట, బెంగళూరు,
9 అక్టోబర్ 2024

హర్షితకు,

రెండు సంచులూ ఒకే అంగడిలో కొన్నాను. నాకు చెవులు లేవు గాని కళ్లున్నాయి. మా అమ్మ కాలం నుంచి మానుపసుపు చూస్తున్నాను. నేను నీకు కల్తీ సరుకు పంపానని మీ మేడమ్ అనుకుంటే, ఆమెకి కావలసినచోట తెప్పించుకోమను.

దసరా పనిలో ఉన్నాను. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది.

సత్యభామ


పాలంపూర్,
3 నవంబర్ 2024

అత్తా,

దీపావళి రాత్రి హాస్టల్లో అందరూ ఇళ్లకి ఫోన్లు చేసుకుంటుంటే నేను నీ ఆరు వాక్యాల ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నన్ను అపార్థం చేసుకున్నావు. తప్పు నాదే, అడగడం రాలేదు. మళ్లీ అడుగుతాను.

మొదటి సంచిలో ఏదో కలిసిందని నేను భయపడటం లేదు, కలిసి ఉండాలని కోరుకుంటున్నాను. చూడు, మానుపసుపు ఒక్కటే ఉన్న రెండో సంచి పనిచెయ్యలేదు. మొదటిది పనిచేసింది. విడదీస్తే దాని బలం పోయింది. అంటే రెండు పదార్థాలు కలిస్తేనే జరిగే పని ఏదో అందులో ఉంది. ఒకటి మానుపసుపుది. రెండోది ఎవరిది? అది అనుకోకుండా పడ్డ చెక్క అయితే, ఆ కల్తీయే మనకి కావలసింది. నువ్వు పంపిన సరుకు చెడ్డదని ఎవరూ అనలేదు. అది మంచిదైనందుకే దాని వెంట పడ్డాను.

ఇంకో మాట. ఇది నీతో ఎప్పుడూ అనలేదు. నీకు మొండి క్షయ వచ్చినప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. రోజూ నిన్ను సూదికి తీసుకెళ్లింది నేనే. ఒకరోజు ఆస్పత్రి నుంచి వస్తూ, వెనక బస్సు హారన్ కొడుతున్నా నువ్వు పక్కకి జరగలేదు. చెయ్యి పట్టి లాగాను. అప్పుడు అర్థమైంది నాకు, ఆ సూదులు చెవుల్ని తినేస్తున్నాయని. మామూలు మందులు పనిచేసి ఉంటే ఆ సూదులు అవసరమయ్యేవి కావు. పాత మందులకి మళ్లీ బలం వచ్చే దారి ఏదైనా దొరికితే ఇంకొకరికి అది అవసరం పడదు. నేను ఈ కొండల్లో ఎందుకున్నానని నాన్న అడిగినప్పుడల్లా ఏదేదో చెప్తాను. అసలు జవాబు ఇది.

ఒక్కసారి మునినారాయణప్ప గారిని అడుగుతావా?

నీ
హర్షిత


బళేపేట, బెంగళూరు,
1 డిసెంబర్ 2024

నా తల్లీ,

బస్సు సంగతి నాకు గుర్తులేదు. నువ్వు చెయ్యి పట్టుకుని నడిచిన సంగతి గుర్తుంది. ఒక మాట రాసి పెట్టుకో, ఆ సూదుల మీద నాకు కోపం లేదు. అవి లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండను. కాకపోతే చెవులు అడక్కుండా తీసుకున్నాయి, అదొక్కటే బాధ.

నీ ఉత్తరం పట్టుకుని సమీనా దగ్గరికి వెళ్లాను. అంగడివాడు చెప్పేది నాకు సరిగా తెలియకపోతే తను దగ్గరుండి చెప్తుందని. ఆ చెక్క పేరెత్తడానికే మొహమాటపడ్డాను. ఉత్తరం చదివి బురఖా వేసుకుని వచ్చేసింది. "ఆయన వేలు ఎట్లాగూ పోయింది కదక్కా, ఊరికే పోగూడదు" అంది.

మేమిద్దరం గడప ఎక్కగానే మునినారాయణప్ప మొహం పాలిపోయింది. "అమ్మా, ఫయాజ్ సంగతి నాకు తెలిసినాక నిద్ర లేదు. నా మీద కేసు పెట్టొద్దండి, పిల్లలుగలోణ్ణి" అన్నాడు. మేము అందుకు రాలేదని చెప్పినా నమ్మలేదు. మొదటి సంచిలో ఏం కలిపారని సమీనా అడిగింది. మా తాతల నాటి అంగడి, ఏమీ కలపలేదని చేతులు తిప్పుతూ చాలా చెప్పాడు. ఆయన గబగబా మాట్లాడితే నాకేమీ అందదు. అందుకని నేను నీ ఉత్తరం తీసి, "ఆ కల్తీయే మనకి కావలసింది" అన్న చోట వేలు పెట్టి ఆయన ముందు ఉంచాను.

తెలుగు నిదానంగా చదువుతాడు. చదివి, మళ్లీ చదివి, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏం చెప్పేదమ్మా, మరదరిశిణ ఇప్పుడు యాడ దొరుకుతాది?" అన్నాడు. మానుపసుపుని ఇక్కడివాళ్లు అలాగే అంటారు. "అడవిలో అయిపోయింది. కోసేకి పర్మిషను లేదు. మేలో వచ్చిన మూటలో సగమే అసలైనది. మిగతా సగం కొండకాడ దొరికే ఇంకో తీగ. అదీ పచ్చగానే ఉంటాది, చేదుగానే ఉంటాది. అందరూ కలుపుతారు, నేనూ కలిపినా. ఫయాజ్‌కి అట్లయినాక భయమేసి, మీ రెండో సంచికి అచ్చంగా అసలైనదే ఏరి ఇచ్చినా."

చూశావా? ఆయన మంచివాడైనందుకు నీ పని చెడింది!

సమీనా కోప్పడుతుందనుకున్నాను. "ఆ పాత మూట ఉండాదా?" అని మాత్రం అడిగింది. అటక మీద అడుగున కొంచెం మిగిలింది. ముగ్గురం కింద గోనెపట్టా పరిచి కూర్చున్నాం. అడ్డంగా కోసిన చోట మానుపసుపులో గీతలు చక్రంలా ఉంటాయి, రెండో దానిలో లేవు. ఆయన చూపించాక నాకూ తెలిసింది. ఇన్నాళ్లూ నాకు కళ్లున్నాయని గొప్ప చెప్పుకున్నాను! మధ్యాహ్నమంతా ఏరాం. సమీనా ఒక్కర్తే సగం ఏరింది. చివర్లో ఆమెకి తన చేత్తో మజ్జిగ ఇస్తూ మునినారాయణప్ప తల దించుకుని ఏదో అన్నాడు. నాకు అందలేదు. సమీనా కూడా చెప్పలేదు.

రెండు రకాలూ వేరువేరుగా పంపుతున్నాను. ఎర్రదారం కట్టినది మానుపసుపు. పచ్చదారం కట్టినది ఆ పేరులేని తీగ. ఇది నాగరాజుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పనిచేస్తే చెప్తాను.

మీ అత్త
సత్యభామ


పాలంపూర్,
23 మార్చి 2025

అత్తా,

కొండల మీద ఇంకా మంచు ఉంది, కింద ఆవపూలు పూశాయి. ఇక్కడికి వచ్చాక మొదటిసారి వాటిని నిలబడి చూశాను.

ఈసారి పూర్తిగా రాస్తాను, జాగ్రత్తగా చదువు.

ఎర్రదారం సంచి ఒక్కటే వేశాను, క్రిములు చావలేదు. పచ్చదారం సంచి ఒక్కటే వేశాను, అసలు కదల్లేదు. రెండూ కలిపి వేశాను. పళ్లెంలో గుండ్రంగా ఖాళీ వచ్చింది! మొదటిసారి ఎంత వచ్చిందో అంత. మేడమ్ "మళ్లీ చెయ్యి" అంది. నాతో పాటు ఇంకో అమ్మాయితో కూడా, ఏ సీసాలో ఏముందో చెప్పకుండా చేయించింది. ఆమెకీ వచ్చింది.

కారణం కూడా కొంత తెలిసింది. మొండి క్రిములు మందు లోపలికి రాగానే బయటికి తోడేస్తాయి, పడవలోకి వచ్చిన నీళ్లని తోడిపోసినట్టు. మానుపసుపులోని పచ్చటి పదార్థాన్నీ అలాగే తోడేస్తున్నాయి. ఆ తీగలోని పదార్థం తనంతట తాను ఎవరినీ చంపదు, ఆ తోడే పనిని మాత్రం ఆపుతుంది. ఇక మందు లోపలే ఉండిపోతుంది. అసలు ఆనందం ఏమిటంటే, ఆ తీగ పదార్థాన్ని ఆస్పత్రిలో పనికిరాకుండా పోయిన ఒక పాత మందుతో కలిపి చూశాం. ఆ మందు మళ్లీ పనిచేసింది, కొద్ది మోతాదులోనే.

నాన్న ద్వారా ఫయాజ్ గారి అనుమతి అడిగాం కదా, ఆయన పుండులో దొరికిన క్రిమిని బెంగళూరు డాక్టరమ్మ మాకు పంపింది. దాని మీద కూడా పనిచేసింది. ఆయనకి చెప్పు.

ఇప్పుడు ఇంకా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఇది మందు కాదు. గాజు పళ్లేలలో, కొన్ని ఎలుకల పుండ్ల మీద మాత్రమే చూశాం. కాలేయానికి, మూత్రపిండాలకి హాని చేస్తుందేమో తెలియదు. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. ఎవరూ నూరుకోకూడదు, కట్టుకోకూడదు, తాగకూడదు. ఈ ఉత్తరం వీధంతా చదువు, ఈ పేరా మాత్రం రెండుసార్లు చదువు.

ఒక పరీక్ష నేను పట్టుబట్టి ముందుకు జరిపించాను. చెవి లోపలి కణాల మీద ఈ పదార్థం ఏం చేస్తుందో చూడమని. మామూలుగా అది చాలా తర్వాత చేస్తారట. మేడమ్ ఎందుకని అడిగితే నీ గురించి చెప్పాను. వెంటనే సంతకం పెట్టింది. ఇప్పటివరకు హాని కనబడలేదు. ఇంకా చాలా చూడాలి.

పనికి ఇంకో మూడేళ్లు పొడిగింపు వచ్చింది. అందులో సగం బెంగళూరులోనే, ఆ ఆస్పత్రి వాళ్లతో కలిసి. దసరాకల్లా వస్తాను. మేడ మీద పెట్టెలు కొంచెం జరిపి పెట్టు.

ఒక్క దిగులు మాత్రం ఉంది. మానుపసుపు అడవుల్లో నిజంగానే అయిపోతోంది. మందు దొరికేసరికి మొక్క ఉండదేమో అనిపిస్తోంది.

నీ
హర్షిత


బళేపేట, బెంగళూరు,
6 జూలై 2025

నా బంగారు హర్షితకు,

ఆ పేరా రెండుసార్లు కాదు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చదివాను. "నేను మళ్లీ కట్టుకుంటానని అందరికీ భయం చూడక్కా!" అని ఫయాజ్ నవ్వాడు. ఇప్పుడు వేళకి బిళ్లలు వేసుకుంటాడు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన మెత్తటి చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా రాడు. తన క్రిమి హిమాచల్ దాకా వెళ్లి వచ్చిందని కొనేవాళ్లకి కూడా చెప్తాడు. బేరం సంగతి మర్చిపోయి వాళ్లు అది వింటూ నిలబడతారు.

నీ దిగులు గురించి మునినారాయణప్పకి చెప్పాను. వారం తర్వాత ఒక పొద్దున వ్యాను తెచ్చి అంగడి ముందు ఆపాడు. యలహంక అవతల మూలికల మొక్కలు పెంచే తోట ఒకటుందంట, అక్కడ మానుపసుపు మొలకలు ఇస్తారంట. నేను, సమీనా, ఫయాజ్ అందరం ఎక్కాం. తోటలో పనిచేసే ఆమె పేరు బాలమ్మ. ఒక్కో మొక్కనీ మా చేతికి ఇచ్చే ముందు, "నీడ ఉండాదా? ఎక్కేకి చెట్టు ఉండాదా?" అని అమ్మాయిని ఇచ్చేవాళ్లు అడిగినట్టు అడిగింది. బళేపేటలో ఎక్కడుంది చెట్టు? నాగరాజు ఇంటి వెనక పెద్ద కానుగ ఉందని చెప్పి రెండు మొలకలు తెచ్చాం. మునినారాయణప్ప తన ఊరి తోటకని ఆరు తీసుకున్నాడు.

కానుగ మొదట్లో గుంత తీసింది మీ నాన్న. మోకాలు పట్టుకుని తీశాడు. నాటినది సమీనా. నేను నీళ్లు పోశాను. ఫయాజ్ కుర్చీలో కూర్చుని అందరికీ సలహాలు చెప్పాడు.

తీగ కోతకి రావడానికి పదిహేనేళ్లకి పైనే పడుతుందని బాలమ్మ చెప్పింది. నాగరాజు దాన్ని ఫోనులో పెద్ద అక్షరాలతో రాసి నాకు చూపించి, నవ్వుతూ నిలబడ్డాడు. అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది.

ఆ ఇంటి వెనక తలుపు నుంచి కానుగ దగ్గరికి దిగడానికి మూడు మెట్లున్నాయి, నువ్వు చూశావు. బాగా ఎత్తు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పటికైతే దిగుతున్నాను. మర్నాడే మేస్త్రీని పిలిపించి, మెట్లకి రెండు వైపులా ఇనుప కమ్మీలు పెట్టమన్నాను.

"ఇప్పుడేమి తొందరక్కా?" అన్నాడు నాగరాజు.

"సిమెంటు గట్టిపడేకి టైము కావాల్ల కదప్పా" అన్నాను.

మీ అత్త
సత్యభామ